ట్రిగ్గర్లు, అలియాస్‌లు: అపోహలు - వాస్తవాలు

మడ్ అంటే ఇంటర్నెట్‌లో చాలామంది కలిసి, కమాండ్లు టైప్ చేస్తూ, తెర మీద వచ్చే వాక్యాలు చదువుతూ ఆడే ఆట. అందులో కొన్ని పనులను మన బదులు చేసిపెట్టే చిన్న స్క్రిప్టులే ట్రిగ్గర్లు, అలియాస్‌లు.

అపోహ: స్క్రిప్ట్ రాయాలంటే ప్రోగ్రామర్ అయి ఉండాలి.

అక్కర్లేదు. రోజూ పదిసార్లు కొట్టే పొడవాటి కమాండ్‌కు ఒక్క అక్షరం పెట్టుకుంటే అదే అలియాస్. మనం టైప్ చేసేదాన్ని అలియాస్ పట్టుకుంటుంది, ఆట పంపేదాన్ని ట్రిగ్గర్ పట్టుకుని మన బదులు కమాండ్ పంపుతుంది. ఈ ఆటలు ఆడటానికి వాడే ప్రోగ్రాముల్లో మడ్‌లెట్‌లో లువా అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది, టిన్‌టిన్‌కు సొంత కమాండ్లు ఉన్నాయి. అవసరం పడ్డప్పుడు అవి మెల్లగా వస్తాయి.

అపోహ: ఆటలో ఏం జరుగుతోందో ట్రిగ్గర్‌కు తెలుసు.

కొత్తవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఈ నమ్మకమే. ట్రిగ్గర్‌కు తెలిసింది అక్షరాలు మాత్రమే. "మీకు దాహం వేస్తోంది" అని ఆట చెప్పినా, పక్కనున్న ఆటగాడు అదే మాట చాట్‌లో అన్నా దానికి తేడా తెలియదు, నీళ్లు తాగేస్తుంది. అక్కడితో పోతే ఫర్వాలేదు. ఎవరో పంపిన సందేశంలోని మాటలను అలాగే కమాండ్‌గా నడిపే ట్రిగ్గర్ రాశారంటే మీ పాత్ర పగ్గాలు వాళ్ల చేతికి ఇచ్చినట్టే. మీ దగ్గరున్న బంగారమంతా ఇచ్చేయమని వాళ్లు రాస్తే మీ పాత్ర ఇచ్చేస్తుంది.

అందుకే ట్రిగ్గర్ ఏ మాటలను వెతకాలో చెప్పే ప్యాటర్న్‌ను, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను, ^ (లైన్ మొదలు) తో మొదలుపెట్టి $ (లైన్ చివర) తో ముగించండి. చాట్ లైన్ మామూలుగా మాట్లాడినవారి పేరుతో మొదలవుతుంది కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ఆటలో జీఎంసీపీ (ఆట వివరాలను తెర మీది వాక్యాలతో కాకుండా వేరే దారిలో పంపే పద్ధతి) ఉంటే మరీ మంచిది. ప్రాణశక్తి లాంటి అంకెలు తెర మీది వాక్యాలతో కలవకుండా విడిగా వస్తాయి, చాట్‌లో ఏం రాసినా వాటిని మార్చలేరు.

అపోహ: ప్యాటర్న్ సరిగ్గా ఉంటే ట్రిగ్గర్ పనిచేసి తీరుతుంది.

చాలా ఆటలు పొడవాటి వాక్యాన్ని 80 అక్షరాల దగ్గర విరిచి పంపుతాయి. రెండు ముక్కలైన వాక్యం మీ ప్యాటర్న్‌కు దొరకదు. ముందు ఆట సెట్టింగుల్లో ఆ విరుపును ఆపేయండి.

అపోహ: ట్రిగ్గర్ వాడటమే మోసం.

అది ఆ ఆట నియమాలను బట్టి ఉంటుంది. కొన్ని అన్నిటినీ ఒప్పుకుంటాయి, కొన్ని మనిషి కీబోర్డు దగ్గర లేకుండా పాత్రను నడిపితే నిషేధిస్తాయి. రాసేముందే ఆ నియమాలు చదవండి.

అపోహ: ఒకసారి పనిచేసిందంటే ఇక టెన్షన్ లేదు.

ట్రిగ్గర్ పంపిన కమాండ్‌కు వచ్చే జవాబే మళ్లీ అదే ట్రిగ్గర్‌ను లేపితే కమాండ్లు ఆగకుండా వెళ్తూనే ఉంటాయి, సర్వర్ మిమ్మల్ని బయటికి నెట్టేయవచ్చు. ట్రిగ్గర్ లేవగానే దాన్ని రెండు మూడు సెకన్లు ఆపి ఉంచే టైమర్ పెట్టండి. అన్ని ట్రిగ్గర్లనూ ఒక్క దెబ్బతో ఆపే అలియాస్ కూడా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.