మూడు లైన్ల ప్యాచ్‌కి ఇద్దరు రివ్యూయర్లు ఎందుకు? హాట్‌స్పాట్ వెనక కథ

మా టీమ్‌లో హిందూపురం కుర్రాడు ఒకడున్నాడు, చేరి ఏడాది కూడా కాలేదు. పోయిన నెల జావా ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఓపెన్‌జేడీకేలో హాట్‌స్పాట్ ఫైల్ ఒకదానికి ప్యాచ్ (కోడ్‌లో చిన్న మార్పు) పంపాడు, లెక్కేస్తే మూడు లైన్లు. ఒక రివ్యూయర్ ఓకే అన్నారు, రెండో మనిషి కోసం తొమ్మిది రోజులు అలాగే పడుంది. మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లో భోంచేస్తా "అన్నా, మూడు లైన్లకి ఇన్నిరోజులా, మనాఫీసులో అయితే టీ తాగొచ్చేలోపు మెర్జ్ అయిపోయుండేది" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది, మొదట్లో నాకూ అదే అనిపించేది. కానీ ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు, దాని వెనక పాతికేళ్ల కథ ఉంది, అది తెలీకుండా "వాళ్లు స్లో" అనుకుంటే మనకే నష్టం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు హాట్‌స్పాట్ అంటే ఏంటో రెండు ముక్కలు. మనం రాసే జావా కోడ్ కింద దాన్ని నడిపించే మిషన్ (జేవీఎం, పొట్టిగా వీఎం) ఒకటుంటుంది కదా, ఓపెన్‌జేడీకేలో అదే హాట్‌స్పాట్, అది జావాలో రాసింది కాదు, సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. జావాని తయారుచేసిన సన్ కంపెనీ వాళ్లు 1997లో యానిమార్ఫిక్ అనే చిన్న కంపెనీని కొన్నారు, ఆ టీమ్ చేతిలోంచి వచ్చిందే ఇది, 1999 ఏప్రిల్‌లో రిలీజైంది. అప్పటి కంపైలర్లని నమ్ముకునే పరిస్థితి లేదు కాబట్టి సీ ప్లస్ ప్లస్ ఇచ్చే ఎక్సెప్షన్లు వద్దనుకుని సొంతంగా మ్యాక్రోలు (కంపైల్ అయ్యేటప్పుడు అసలు కోడ్‌గా విస్తరించే పొట్టి పేర్లు) పెట్టుకున్నారు, లైబ్రరీ కూడా చాలావరకు సొంతంగానే రాసుకున్నారు. ఆ మ్యాక్రోలు ఇప్పటికీ ఉన్నాయి, బయటి మనిషి చూస్తే మామూలు ఫంక్షన్ కాల్ లాగే ఉంటుంది గానీ లోపల "ఎక్సెప్షన్ పెండింగ్‌లో ఉంటే ఇక్కడ్నుంచే వెనక్కి వెళ్లిపో" అనే షరతు దాక్కుని ఉంటుంది. దాన్ని తెలీక రిటర్న్ స్టేట్‌మెంట్ లోపల వాడేస్తే ముందు రిటర్న్ అయిపోతుంది, చెక్ ఎప్పటికీ నడవదు. కంపైలర్ మాట్లాడదు, టెస్టులు పాసవుతాయి. ఇలాంటివి కొత్తవాళ్ల ప్యాచుల్లో దొర్లుతుంటాయి, పట్టుకోవాల్సింది రివ్యూలో మనిషే.

అసలు విషయం ఇక్కడుంది. హాట్‌స్పాట్ సోర్స్‌ని సన్ 2006 నవంబర్‌లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద బయటపెట్టింది. ఇవాళ మీరు ఏదైనా పాత ఫైల్ తెరిచి గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు రాశారో చూపించే కమాండ్) కొట్టండి, లైన్ తర్వాత లైన్ ఒకే పేరు కనబడుతుంది, డ్యూక్, తేదీ 2007 డిసెంబర్ 1, మెసేజ్ "ఇనిషియల్ లోడ్". డ్యూక్ అంటే మనిషి కాదు, జావా బొమ్మ పేరు. దానికి ముందు సన్ లోపల ఏళ్ల తరబడి జరిగిన మార్పులు, ఎవరు ఏ బగ్ కోసం ఏ లైన్ పెట్టారు అనేదంతా ఆ ఒక్క కమిట్ కింద పూడిపోయింది. పాత ఇల్లు కొన్నాం, దస్తావేజులు మాత్రం 2007 నుంచే ఉన్నాయి అన్నట్టు. గోడలో ఆ మేకు ఎందుకు కొట్టారో కాగితం మీద లేదు, ఆ ఇంట్లో పెరిగినవాళ్లకే తెలుసు. రెండో రివ్యూయర్ కోసం ఎదురుచూడటం అంటే నా దృష్టిలో ఆ తెలిసిన మనిషి కోసం ఎదురుచూడటమే.

ఇప్పుడు మావాడి ప్యాచ్ దగ్గరికొద్దాం, అది బాగా నేర్పించే ప్యాచ్.

హాట్‌స్పాట్ లోపల జావా ఆబ్జెక్ట్‌ని పట్టుకునే పాయింటర్‌ని ఊప్ అంటారు. అది నేరుగా అడ్రస్. జీసీ, అంటే వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్, ఏం చేస్తుందంటే చెత్త ఊడ్చేటప్పుడు బతికున్న ఆబ్జెక్టుల్ని ఒక చోట్నుంచి ఇంకో చోటికి జరుపుతుంది. బెంగళూరులో అద్దెకుండేవాళ్లకి ఇది సులభంగా అర్థమవుతుంది, 11 నెలల అగ్రిమెంట్ అయిపోగానే ఫ్రెండ్ బెల్లందూరు నుంచి కేఆర్ పురం మారిపోయాడు, మీ దగ్గర మాత్రం పాత అడ్రస్ రాసుకున్న చీటీ ఉంది, మీరు వెళ్లి తలుపు కొడితే వేరే వాళ్లు తీస్తారు. అందుకని హ్యాండిల్ అని ఒకటి పెట్టారు, అడ్రస్‌ని మనం దాచుకోకుండా జీసీకి తెలిసిన రిజిస్టర్‌లో రాయడం అన్నమాట, ఆబ్జెక్ట్ జరిగినప్పుడల్లా జీసీనే ఆ రిజిస్టర్ దిద్దుతుంది. ఊప్‌ని లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని, మధ్యలో మెమరీ అడిగే ఫంక్షన్ ఏదైనా పిలిచి, ఆ తర్వాత అదే ఊప్ వాడితే పాత చీటీ పట్టుకుని తలుపు కొట్టినట్టే.

మావాడు చేసింది అదే దిద్దుబాటు. ఊప్ ఉన్న చోట హ్యాండిల్ పెట్టాడు, దాన్ని వాడే రెండు చోట్లా మార్చాడు, మూడు లైన్లు. ఈ రకం బగ్‌తో తలనొప్పి ఏంటంటే తప్పు జరిగిన చోట క్రాష్ అవ్వదు. పాత అడ్రస్‌లో ఇప్పుడు వేరే ఆబ్జెక్ట్ ఉంటుంది, దాన్ని పాడుచేస్తుంది, కాసేపటికి జీసీ థ్రెడ్ అటుగా వచ్చి అక్కడ సిగ్‌సెగ్వీతో (తప్పు మెమరీ ముట్టుకున్న ఎర్రర్‌తో) పడిపోతుంది. క్రాష్ అయినప్పుడు వీఎం రాసే హెచ్ఎస్ ఎర్ర్ ఫైల్ తెరిస్తే ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్ దగ్గర జీసీ ఫంక్షన్ పేరు ఉంటుంది, పాపం జీసీ టీమ్ మీద బగ్ పడుతుంది. డీబగ్ బిల్డ్‌లో ఇలాంటి ఊప్‌ల్ని పట్టుకోడానికి చెక్ అన్‌హ్యాండిల్డ్ ఊప్స్ అనే ఫ్లాగ్ ఉంది, మావాడు దాంతోనే పట్టాడు, అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి.

మరి ఆ లైన్ అంతకాలం తప్పుగా ఎలా ఉంది? బ్లేమ్ కొడితే డ్యూక్. అంటే 2007 నుంచి ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడది తప్పు కాదు, మధ్యలో పిలిచే ఫంక్షన్ అప్పట్లో మెమరీ అడిగేది కాదు. తర్వాతెప్పుడో ఇంకెవరో ఆ లోపలి ఫంక్షన్‌లో ఒక జావా స్ట్రింగ్ తయారుచేయడం మొదలుపెట్టారు, ఆ డిఫ్‌లో (మారిన లైన్ల జాబితాలో) ఈ పై లైన్ లేనే లేదు కాబట్టి చూసినవాళ్లకి అనుమానం రాలేదు. లైన్ మారలేదు, దాని కింద నేల మారింది. డిఫ్ మాత్రమే చూసే రివ్యూకి ఇది ఎప్పటికీ దొరకదు.

ఈ కథ నా మనసుకి దగ్గరగా తగలడానికి సొంత కారణం ఒకటుంది. ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో, పేరు అనవసరం, జేఎన్ఐ కోడ్‌లో (జావాని సీ కోడ్‌తో కలిపే చోట) రెండు లైన్ల ఫిక్స్ నా దగ్గరికి రివ్యూకి వచ్చింది. జావా స్ట్రింగ్‌ని గెట్ స్ట్రింగ్ యూటీఎఫ్ చార్స్‌తో సీ స్ట్రింగ్‌గా తీసుకుంటారు, పని చేస్తారు, చివర్లో రిలీజ్ చేస్తారు. మధ్యలో జావా మెథడ్ పిలిచాక ఎక్సెప్షన్ చెక్ లేదు, అది నిజంగానే బగ్, కాబట్టి "ఎక్సెప్షన్ ఉంటే రిటర్న్" అని రెండు లైన్లు పెట్టారు. నేను నాలుగు నిమిషాల్లో అప్రూవ్ కొట్టాను. ఆ రిటర్న్ రిలీజ్‌కి పైన ఉంది. ఎక్సెప్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ సీ స్ట్రింగ్ అలాగే ఉండిపోయేది. కస్టమర్ దగ్గర హీప్ (జావా ఆబ్జెక్టుల మెమరీ) గ్రాఫ్ నిలకడగా ఉండి ప్రాసెస్ మెమరీ మాత్రం మెల్లగా పెరగడం మొదలైంది, రెండు మూడు వారాలకోసారి రీస్టార్ట్ చేసుకుంటా వాళ్లు సర్దుకున్నారు, మాకు ఆలస్యంగా తెలిసింది. పెరుగుతున్నది మా నేటివ్ లైబ్రరీ సొంతంగా తీసుకునే మెమరీయే అనుకున్నాం, అది జేవీఎం నేటివ్ మెమరీ ట్రాకింగ్‌లో కనబడదు కాబట్టి ఆ రిపోర్ట్ సరిగ్గా చూడకుండా ఇంకో వారం వేరే మూల వెతికాం. సరైన ఫిక్స్ చాలా చిన్నది, రిలీజ్‌ని రిటర్న్‌కి ముందు పిలవడమే. ఎక్సెప్షన్ పెండింగ్‌లో ఉండగా చాలా జేఎన్ఐ ఫంక్షన్లు పిలవకూడదు గానీ రిలీజ్ ఫంక్షన్లని పిలవొచ్చని స్పెసిఫికేషన్‌లోనే రాసుంది, నేను ఆరోజు అది తెరిచి చూడలేదు. అప్పట్నుంచీ రిటర్న్ కొత్తగా కనబడితే పైకి పోయి అంతవరకు ఏమేం తీసుకున్నారో లెక్కపెట్టుకున్నాకే ముందుకెళ్తాను.

మన ఒక్కళ్ల కథే కాదు. వీఎం కాదు గానీ నేటివ్ కోడ్‌లో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది డెబియన్ అనే లినక్స్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వ్యవహారం. 2006లో వాల్‌గ్రైండ్ అనే టూల్ వార్నింగ్ ఇస్తోందని రహస్య కీల తయారీకి వాడే ర్యాండమ్ నంబర్ల కోడ్‌లో రెండు లైన్లు నడవకుండా కామెంట్‌గా మార్చేశారు, చేసే ముందు అడిగారు కూడా, ఎవరూ గట్టిగా ఆపలేదు. అందులో ఒక లైన్ అసలు ర్యాండమ్‌నెస్‌ని కలిపే లైన్. అది పోయాక మిగిలింది ప్రాసెస్ ఐడీ ఒక్కటే, అంటే ఒక రకం మిషన్‌లో, ఒక సైజు కీకి ఎంత లెక్కేసినా 32,768 అవకాశాలే. 2008 మే 13న బయటపడింది, ఈలోపు దాంతో తయారైన కీలన్నీ మార్చుకోవాల్సొచ్చింది. వార్నింగ్ పోగొట్టే ప్యాచ్, చూడ్డానికి శుభ్రంగా ఉండే ప్యాచ్.

హాట్‌స్పాట్‌కీ తన పాఠం 2011లో గట్టిగానే తగిలింది. జావా 7 జూలై 28న వచ్చింది, నడుస్తుండగానే కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే జిట్ కంపైలర్‌లో లూపుల్ని వేగం చేసే మార్పుల వల్ల కొన్ని లూపులు తప్పుగా కంపైల్ అయ్యేవి, అపాచీ లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ వాడేవాళ్లకి వీఎం క్రాష్ అవ్వడం, ఇంకా ఘోరంగా ఇండెక్స్ పాడవడం జరిగింది. రిలీజ్‌కి 5 రోజుల ముందు మాత్రమే తెలిసింది, అప్పటికి ఆపలేకపోయారు. ఒక ఫ్లాగ్‌తో లూప్ ప్రెడికేట్ అనే ఆప్టిమైజేషన్‌ని ఆపుకోమని అపాచీ వాళ్లు హెచ్చరించారు, అక్టోబర్‌లో అప్‌డేట్ 1తో ఫిక్స్ వచ్చింది. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది, డేటా చెప్పకుండా చెడిపోతే ఏం చేస్తాం, వీఎం కోడ్ అంటే భయం ఉండాల్సింది అందుకే.

రూల్స్ సంగతి త్వరగా చెప్తా. హాట్‌స్పాట్ మార్పుకి ఇద్దరు చూడాలి, ఇద్దరిలో ఒకరికైనా రివ్యూయర్ హోదా ఉండాలి, కనీసం 24 గంటలు ఆగాలి. ఆ 24 గంటలు ఎందుకంటే స్టాక్‌హోమ్‌లో ఉండే హాట్‌స్పాట్ వాళ్లకి ఆఫీస్ మొదలయ్యేసరికి మనకి మధ్యాహ్నం దాటుతుంది, కాలిఫోర్నియా వాళ్లు లేచేసరికి మనం పడుకునే టైమ్, భూమి ఒక చుట్టు తిరిగితే గానీ తెలిసిన వాళ్లందరి కళ్లలో పడదు. నిజంగా చిల్లర మార్పు అయితే, అంటే స్పెల్లింగ్ తప్పు లాంటిదైతే, ట్రివియల్ అని చెప్పి ఒక్క రివ్యూయర్‌తో ఆగకుండా వెళ్లొచ్చు, అయితే అది ట్రివియలే అని ఆ రివ్యూయర్ కూడా ఒప్పుకోవాలి. కమిటర్ (మార్పుల్ని తనే చేర్చగలిగే మనిషి) అవ్వాలంటే చెప్పుకోదగ్గ మార్పులు 8, రివ్యూయర్ అవ్వాలంటే 32, అదే మామూలుగా చూసే లెక్క, అంటే ఏళ్ల పని. అంతకంటే ముందు కాంట్రిబ్యూటర్ అగ్రిమెంట్ సంతకం లేకపోతే మీ ప్యాచ్ రివ్యూకే వెళ్లదు.

2020 సెప్టెంబర్‌లో గిట్‌హబ్‌కి మారకముందు ఇదంతా మెయిళ్లలో జరిగేది, వెబ్‌రెవ్ అనే స్క్రిప్ట్ డిఫ్‌ని హెచ్‌టీఎంఎల్ పేజీలుగా చేసేది, లింక్ మెయిల్‌లో పెట్టేవాళ్లు. గిట్‌హబ్ వచ్చాక పంపడం సులువైంది. చూసే మనుషులు మాత్రం రాత్రికి రాత్రి పెరగరు కదా.

ఒకటి మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది, రివ్యూలో లైన్ల లెక్క మోసం చేస్తుంది. 2023లో హాట్‌స్పాట్ అంతటా ఖాళీ పాయింటర్‌కి వాడే పాత నల్ అనే మాట తీసేసి కొత్త నల్‌పీటీఆర్ పెట్టారు, వేల లైన్లు, డైరెక్టరీల వారీగా విడగొట్టి స్క్రిప్ట్‌తో చేశారు, ఓపిక కావాలి గానీ ప్రతి లైన్‌కీ అడిగే ప్రశ్న ఒకటే. మావాడి మూడు లైన్లకి ప్రశ్నలు ఎక్కువ.

పదో రోజు రెండో రివ్యూయర్ వచ్చారు. ఒక్కటే అడిగారు: "ఈ ఫంక్షన్‌ని లూప్‌లోంచి పిలుస్తున్నారు, హ్యాండిల్‌మార్క్ ఎక్కడుంది?" హ్యాండిల్స్ అన్నీ థ్రెడ్‌కి సంబంధించిన ఒక ఏరియాలో పేరుకుంటాయి, చుట్టూ ఉన్న హ్యాండిల్‌మార్క్ ముగిసినప్పుడే ఖాళీ అవుతాయి. లూప్ లక్ష సార్లు తిరిగితే లక్ష హ్యాండిల్స్, అవి పట్టుకున్న ఆబ్జెక్టుల్ని జీసీ తీసెయ్యలేదు. మావాడు నా సీటు దగ్గరికి వచ్చి స్క్రీన్ చూపించాడు, కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మొదటి రివ్యూయర్‌కీ ఇది తట్టలేదు, నాకూ తట్టలేదు, పంపేముందు నేనే చూశాను.

వాడు ఆ సాయంత్రం 500డి బస్సు వదిలేసి కూర్చున్నాడు. లూప్ లోపల హ్యాండిల్‌మార్క్ పెట్టాడు, దాని పైన ఒక కామెంట్ రాశాడు, లోపలి ఫంక్షన్ స్ట్రింగ్ అలొకేట్ చేస్తుంది కాబట్టి ఇక్కడ జీసీ జరగొచ్చు అని. బ్లేమ్ కొడితే ఇకనుంచి ఆ నాలుగైదు లైన్ల పక్కన డ్యూక్ బదులు వాడి పేరు వస్తుంది, ఎందుకు పెట్టారో కూడా అక్కడే ఉంటుంది. మెయిన్‌లైన్‌లో మొన్న చేరింది. ఇదే బగ్ పాత వెర్షన్లు జావా 21లోనూ 17లోనూ ఉంది, 21లోకి కూడా ఫిక్స్ తేవడానికి బ్యాక్‌పోర్ట్ రిక్వెస్ట్ పెట్టాడు, 17లో లోపలి ఫంక్షన్ కొంచెం వేరేలా ఉందని మళ్లీ మొదట్నుంచి చదువుతున్నాడు.