డాబా ఎక్కితేనే పూసే గులాబీ

గుంటూరు బ్రాడీపేటలో మా అక్క వాళ్లది రెండో అంతస్తు. విజయవాడలో మా డాబా మీది కుండీలోంచి నాలుగు గడ్డి గులాబీ కొమ్మలు తుంచుకెళ్లి తన బాల్కనీలో నాటుకుంది. త్వరగానే వేళ్లు తొడిగాయి. రెండు నెలలు తిరిగేసరికి కుండీ అంచు దాటి కిందికి వేలాడాయి. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. "రోజూ నీళ్లు పోస్తున్నాను, పక్షానికోసారి చిటికెడు యూరియా వేస్తున్నానురా. మీ దగ్గర విరగబూసే మొక్క నా దగ్గర ఎందుకు పూయదు?" అని అడిగింది. సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆ ఆదివారం వెళ్లి చూశాను. మా డాబా మీద కొమ్మల నిండా సూదుల్లాంటి ఆకులు ఒత్తుగా కమ్ముకుని ఉంటాయి. అక్క మొక్కలో ఆకుకూ ఆకుకూ మధ్య వేలెడు ఖాళీ. కాడలు పాలిపోయి, అన్నీ గ్రిల్లు వైపే తలలు తిప్పాయి. అక్క దాన్ని ఏపు అనుకుంది. వెలుతురు చాలని మొక్క కాడ సాగదీసి ఎండ కోసం వెతుక్కోవడం అది.

"ఇంత వెలుతురుంటే చాలదా?" అంది. ఇక్కడే మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. మిట్టమధ్యాహ్నం నేరుగా ఎండ పడే చోట వెలుతురు సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. పైన కప్పు, ఎదుట మరో అపార్ట్‌మెంటు ఉన్న బాల్కనీలో అది కొన్ని వేలకు పడిపోతుంది. అయినా మనం అక్కడ హాయిగా పేపరు చదువుకుంటాం. కంటిపాప విచ్చుకుని, లోపలి పొర సర్దుకుని ఆ లోటు మనకు తెలియనివ్వవు. ఆకుకు ఆ వెసులుబాటు లేదు. పడిన వెలుతురు ఎంతో, వండుకునే చక్కెర అంతే. కాడకూ ఆకుకూ సరిపోగా మిగిలితేనే మొగ్గ.

పైగా ఇది ఎండ కోసమే తయారైన మొక్క. పుట్టిల్లు దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే, అర్జెంటీనా. పేరులో గులాబీ ఉన్నా దాని చుట్టరికం మన గంగపాయల కూరతో. వరి, మిరప ఆకులు నడి ఎండలో ఒక స్థాయి దాటిన వెలుతురును వాడుకోలేవు. గడ్డి గులాబీది చెరకు, మొక్కజొన్నల దారి. గాలిలోని కార్బన్ డయాక్సైడును ముందు నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టి, ఆకు లోపలి కణాలకు చేరవేసి, అక్కడ చక్కెరగా మారుస్తుంది. దీన్నే సి4 పద్ధతి అంటారు. ఈ చేరవేతకు అదనపు శక్తి ఖర్చవుతుంది. మండే ఎండలో ఆ ఖర్చు లాభంతో తిరిగి వస్తుంది, నీడలో ఉత్త భారం. నీటి ఎద్దడి వస్తే దీనికి మరో విద్య కూడా తెలుసు. రాత్రి తన శ్వాసలో వెలువడిన వాయువునే ఆమ్లంగా దాచుకుని పగలు వాడుకుంటుంది. ఇలాంటి మొక్కకు రోజూ నీళ్లు పోయడం ప్రేమే కావచ్చు, కానీ అక్క కుండీలో ఉన్నది నల్లరేగడి. అడుగున తడి నిలిచి వేళ్లు కుళ్లే ప్రమాదం ఉంది. సగానికి సగం ఇసుక కలిపాం. పైమట్టి ఆరాకే నీళ్లు.

యూరియా సంగతి గుంటూరు మిరప రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నత్రజని మితిమీరితే చేను పచ్చగా కమ్ముకుంటుంది, పూత తగ్గుతుంది. దాన్ని మానేశాం.

ఇక కత్తెర. ఈ మొక్క పూసేది కొమ్మల కొసల్లోనే. కాబట్టి ఎన్ని కొసలుంటే అన్ని పూలు. కొసన ఉన్న చిగురు ఆక్సిన్ అనే హార్మోనును కిందికి పంపుతూ పక్క మొగ్గలను లేవనివ్వదు. ఆ కొస తెగితే అణిగి ఉన్న మొగ్గలు కొమ్మలవుతాయి. అక్క మనసు ఒప్పుకోకపోయినా పొడుగు కాడలన్నీ సగానికి కోశాను. కోసిన ముక్కలను అదే మట్టిలో గుచ్చి, కుండీలను డాబా మీదికి చేర్చాం. రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ దీని కనీస అవసరం.

నెల దాటాక ఒక ఉదయం ఫోను. "పదకొండు పూశాయి!" దగ్గరికెళ్లి కేసరాలను వేలితో మెల్లగా తాకి చూడమన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. "కదులుతున్నాయిరా, నా వేలి వైపు వంగుతున్నాయి!" పువ్వులో దిగిన తేనెటీగ ఒంటికి పుప్పొడి అంటించే ఏర్పాటు అది. ఆ రేకుల ఎరుపు కూడా మందారం ఎరుపు లాంటిది కాదు. మందారానిది ఆంథోసయనిన్, దీనిది బీట్‌రూట్‌లోని బీటాలెయిన్. ఈ రెండు రంగు కుటుంబాలూ సహజంగా కలిసి ఉన్న మొక్క ఇంతవరకు దొరకలేదు. బీటాలెయిన్ తయారీలోని ఒక కీలక జన్యువును శాస్త్రవేత్తలు 2004లో గుర్తించింది ఈ గడ్డి గులాబీలోనే.

విచ్చుకోవడానికి వెలుతురూ వేడీ రెండూ కావాలి కనుక మబ్బు రోజున సరిగా విచ్చుకోదు. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. సాయంత్రానికి రేకులు ముడుచుకుని తడిసిన ముద్దవుతాయి. వాటిలో రెండు మూడింటిని తుంచకుండా వదిలేయమన్నాను. కొద్ది వారాల్లో అక్కడ చిన్న కాయ పండి, కుంకుమ భరిణె మూతలా పైభాగం ఊడి వస్తుంది. లోపల ఆవగింజ కన్నా చిన్న గింజలు. చల్లాక వాటి మీద మట్టి కప్పవద్దని అక్కకు రెండుసార్లు చెప్పాను. మొలకెత్తడానికి కూడా వాటికి వెలుతురు కావాలి.