బెర్ము పోయాక: విశాఖలో సైకిలు తొక్కేవాళ్ళ రోడ్డు

పొద్దున్నే ఐదున్నరకి గాజువాక హైవే మీద షీలానగర్ దగ్గర నిలబడితే ఆయన కనిపిస్తాడు. ఒంటి మీద సెక్యూరిటీ గార్డు యూనిఫాం, హ్యాండిల్‌కి వేలాడే టిఫిన్ క్యారేజీ సంచి, వెనక మడ్‌గార్డుకి అరిగిపోయిన ఎర్ర స్టిక్కరు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతుంటాడు. వెనక్కి తిరిగి చూడడు, తల తిరిగితే హ్యాండిల్ కూడా తిరుగుతుంది. చెవులతోనే చూసుకుంటాడు. కంటైనర్ లారీ చప్పుడు దగ్గర పడగానే తారు దిగి కంకరలోకి వెళ్ళిపోతాడు. తారుకీ కంకరకీ మధ్య బెత్తెడు ఎత్తు ఉంది. దిగడం తేలికే, ఎక్కడమే కష్టం. ముందు చక్రం ఆ అంచుకి ఒరుసుకుంటే మనిషి పడేది లారీ వైపే. అందుకని లారీ పోయేదాకా ఆగి, సైకిలు దిగి, చక్రం ఎత్తి తారు మీద పెట్టుకుని మళ్ళీ ఎక్కుతాడు. నేను వెనకాలే వెళ్ళిన రోజు, కిలోమీటరు లోపే నాలుగుసార్లు అలా దిగి ఎక్కాడు.

సైకిలు తొక్కే మనిషి రోడ్డు మీద చనిపోయిన ప్రతిసారీ మనం డ్రైవర్ నిర్లక్ష్యం గురించి మాట్లాడుకుంటాం, లేకపోతే సైకిలు అతను అడ్డొచ్చాడంటాం. నిర్లక్ష్యం నిజమే, దాన్ని ఎవరూ కాదనక్కర్లేదు. కానీ ఆ మనిషి అక్కడ, లారీకి మూరెడు దూరంలో ఎందుకున్నాడు? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

ఈ ఊరిని నిలబెట్టింది సైకిలు మీద డ్యూటీకి వెళ్ళిన జనం. 1933లో హార్బరు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ షిప్‌యార్డు మొదలుపెట్టింది, 1948లో అక్కడ కట్టిన 'జల ఉష' నౌకని నెహ్రూ నీళ్ళలోకి దింపారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1967లో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాయి. మల్కాపురం, శ్రీహరిపురం, కంచరపాలెం, మర్రిపాలెం, గాజువాక ఈ ఫ్యాక్టరీల మీదే పెరిగాయి. సైరన్ కూతకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రోడ్డు మొత్తం సైకిళ్ళతో నిండిపోయేది.

మా నాన్న కంచరపాలెం నుంచి షిప్‌యార్డుకి వెళ్ళేవాడు. కాన్వెంట్ జంక్షన్ మీదుగా, పోర్టు పక్కనుంచి, ముప్పావుగంట ప్రయాణం. తారురోడ్డు సన్నగా, రెండు బస్సులు ఒకదాన్నొకటి దాటితే సరిపోయేంత ఉండేది. కానీ రెండు పక్కలా మట్టి బెర్ము, అంటే తారు అంచున వదిలిన నేల, ఉండేది. గట్టిపడిన ఎర్రమట్టి, తారుతో సమానంగా, ఎడ్లబండి పోయేంత వెడల్పు. దాన్ని ఎవరూ సైకిల్ ట్రాక్ అనలేదు గానీ అది చేసిన పని అదే. ఆ బెర్ము మీద నన్ను బారు మీద కూర్చోబెట్టుకుని, చెల్లెల్ని వెనక క్యారియర్ మీద పెట్టుకుని, మా నాన్న కబుర్లు చెప్పుకుంటూ తొక్కేవాడు. ఇవాళ ఆ రోడ్డులో ఎవరైనా సైకిలు మీద ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుంటే చూసినవాళ్ళకి గుండె ఆగిపోతుంది.

అప్పట్లో మునిసిపాలిటీలు సైకిలుకి ఏటా పన్ను కట్టించుకుని చిన్న బిళ్ళ ఇచ్చేవి. దాన్ని హ్యాండిల్ దగ్గర బిగించుకోవాలి. చీకటి పడ్డాక లైటు లేకుండా తొక్కితే, డబుల్స్ ఎక్కించుకుంటే పోలీసులు ఆపేవారు, చక్రంలో గాలి తీసేసేవారు. పెద్దవాళ్ళు ఆ సంగతులు నవ్వుతూ చెబుతారు గానీ నాకు మాత్రం అందులో ఇంకో విషయం కనిపిస్తుంది. పన్ను వేశారంటే, లైటు అడిగారంటే, సైకిలు సర్కారు లెక్కలో ఉన్న వాహనం. బిళ్ళ పోయింది, మంచిదే, పేదవాడి మీద పన్ను పోయింది. దాంతోపాటే సైకిలు లెక్కలోంచి కూడా పోయింది. ఊళ్ళో ఎన్ని కార్లు, ఎన్ని బైకులు ఉన్నాయో రవాణా శాఖ రిజిస్ట్రేషన్లు చెబుతాయి. ఎన్ని సైకిళ్ళున్నాయో చెప్పే కాగితమే లేదు. లెక్కలో లేనిదానికి రోడ్డు డ్రాయింగులో చోటు దొరకడం కష్టం.

రూలు లేక కాదు. సైకిల్ ట్రాకులు ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి అని రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే రాసిపెట్టింది. గంటకి 200కి మించి మోటారు వాహనాలు తిరిగే రోడ్డులో, రద్దీ వేళ గంటకి వంద సైకిళ్ళుంటే చాలు, విడిగా ట్రాక్ వేయాలి. ట్రాక్ రెండు మీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. షిఫ్టు మారే వేళ మా షిప్‌యార్డు రోడ్డులో వంద సైకిళ్ళు లెక్కపెట్టడానికి గంట అక్కర్లేదు. ఈ దారిలో యాభై ఏళ్ళుగా తిరుగుతున్నాను, నాకు ఒక్క సైకిల్ ట్రాకూ తగల్లేదు. బెర్ము ఉంది కదా అనుకున్నారేమో.

తర్వాత ఆ బెర్ము కూడా పోయింది.

1971లో ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఈ ఇరవై ఏళ్ళలోనే దేశంలో బండ్లు మారిపోయాయి. 1983 చివర్లో మారుతి 800 వచ్చింది, 1985లో హీరో హోండా వచ్చింది. ఉక్కునగరం, కూర్మన్నపాలెం, దువ్వాడ దాకా ఊరు పాకింది. పర్మనెంటు ఉద్యోగులు స్కూటర్లు, మోటార్ సైకిళ్ళు కొనుక్కున్నారు. సైకిలు మీద మిగిలింది కాంట్రాక్టు కూలీలు, వాచ్‌మన్లు, పాలవాళ్ళు, పేపర్ కుర్రాళ్ళు. గొంతెత్తి అడిగే యూనియన్ ఉన్నవాళ్ళు సైకిలు దిగిపోయారు. ఇది ఎవరి తప్పూ అని చెప్పలేను. కానీ అక్కడి నుంచి సైకిలు వాడి తరఫున మాట్లాడే మనిషి లేకుండా పోయాడు.

విశాఖకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇటు కైలాస కొండలు, అటు యారాడ కొండ, మధ్యలో హార్బరు, రైల్వే యార్డులు, నేవీ స్థలాలు, ఎయిర్‌పోర్టు. విజయవాడలో ఒక రోడ్డు వద్దనుకుంటే పక్క సందులోంచి పోవచ్చు. గాజువాక నుంచి ఊళ్ళోకి రావాలంటే ఇటు ఎన్ఏడీ కొత్తరోడ్డు మీదుగా రావాలి, లేదా పోర్టు రోడ్డు పట్టుకోవాలి. మూడో దారి లేనట్టే. కోల్‌కతా, చెన్నైల మధ్య తిరిగే లారీ, ఫార్మా కంపెనీ బస్సు, కాలేజీ పిల్లాడి బైకు, వాచ్‌మన్ సైకిలు అన్నీ ఒకే తారు మీద పోవాలి. నిన్నమొన్నటి దాకా అయిదో నంబరు అని పిలిచిన హైవే, ఇప్పటి పదహారో నంబరు, ఈ ఊరికి మెయిన్ రోడ్డు కూడా. 2005లో గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామాలని కలిపి గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చేశాక అది పూర్తిగా ఊరి మధ్యలోకి వచ్చేసింది.

స్వర్ణ చతుర్భుజి పేరుతో హైవేలని నాలుగు లేన్లు చేస్తుంటే అందరం సంతోషించాం, నేను కూడా. వెడల్పు పెంచినప్పుడు మొదట పోయేది బెర్మే, దాని మీదకి తారు జరుగుతుంది. మిగిలిన పక్క స్థలంలో డ్రెయిను, షాపు మెట్లు, ఆగిన లారీలు. చాలాచోట్ల సర్వీసు రోడ్లున్నాయి గానీ కల్వర్టు రాగానే ఆగిపోయి సైకిలుని మళ్ళీ హైవే మీదకే తోస్తాయి. మధ్యలో డివైడరు వచ్చింది. అవతలి పక్క కనిపిస్తున్న ఇంటికి వెళ్ళాలంటే యూ టర్న్ దాకా తొక్కుకుంటూ పోయి అంత దూరం వెనక్కి రావాలి. రాత్రంతా నిలబడి డ్యూటీ చేసినవాడు ఏం చేస్తాడు? రాంగ్ రూట్లో వస్తాడు. అప్పుడు తప్పు అతనిదే అవుతుంది.

అనకాపల్లి నుంచి సబ్బవరం మీదుగా ఆనందపురం దాకా ఆరు లేన్ల బైపాస్ వచ్చాక దూరప్రయాణం లారీలు కొన్ని అటు మళ్ళాయి. పోర్టు లారీలు ఎటు మళ్ళుతాయి? పోర్టు ఊళ్ళోనే ఉంది కదా.

లారీ ఎలా చంపుతుందో దగ్గరగా చూడాలి. మన దేశంలో డ్రైవర్ కూర్చునేది కుడి పక్క. సైకిలు పోయేది రోడ్డుకి ఎడమ పక్క. అంటే క్యాబిన్‌కి ఎడమ తలుపు కింద, డ్రైవర్ కంటికి గానీ అద్దానికి గానీ ఆనని చోటే సైకిలు వాడి దారి. పూర్వం క్లీనర్ అటు కూర్చుని తలుపు మీద చేత్తో కొట్టి చెప్పేవాడు, ఇప్పుడు చాలా బండ్లలో క్లీనర్ లేడు. ఇక లారీ ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిలో పోవు, మూలని కోసుకుంటూ లోపలికి వస్తాయి. ట్రైలర్ ఎంత పొడుగైతే అంత లోపలికి. ముందు భాగం దాటిపోయింది కదా అని సైకిలు అతను ఊపిరి పీల్చుకునే క్షణంలో వెనక భాగం అతని మీదకి వస్తుంది. చక్రాల మధ్య ఖాళీలో మనిషి పడకుండా పక్కన ఇనుప అడ్డాలు ఉండాలని రూలుంది. వంగిపోయినవి, ఊడిపోయినవి ఎన్ని చూశానో.

నా భుజానికీ ఒకసారి లారీ అద్దం తగిలింది. కంకరలో పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది, లారీ ఆగలేదు. నంబరు చూసుకునే తెలివి అప్పుడు ఎవరికుంటుంది! కేసు పెట్టలేదు. పెద్ద దెబ్బ కాదు కదా అని నన్ను నేనే సర్దిచెప్పుకున్నాను. ఇలాంటివి ఏ రికార్డులోకీ ఎక్కవు. ఎక్కిన వాటిలోనే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 4,836 మంది సైకిలు మీద వెళ్తున్నవాళ్ళు. సగటున రోజుకి పదమూడు మంది.

వేగం సంగతి కూడా చెప్పాలి. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది. సైకిళ్ళూ నడిచేవాళ్ళూ బండ్లతో కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లు దాటకూడదని 2020లో స్టాక్‌హోంలో ప్రపంచ దేశాలు చేసిన ప్రకటన చెబుతోంది. మన కేంద్రం 2018లో మునిసిపల్ రోడ్ల మీద కార్లకి 70, సరుకు లారీలకి 60 దాకా అనుమతించింది. అంతకంటే తగ్గించే అధికారం రాష్ట్రాలకి ఉంది. పైగా లారీ డ్రైవర్‌కి రోజుకి ఎనిమిది గంటలే పని అని 1961లోనే చట్టం చేసినా, ట్రిప్పుల లెక్కన డబ్బులొచ్చేవాడికి అది వర్తించినట్టు కనబడదు. నిద్రలేని కళ్ళు ఇద్దరివీ, ఒకరికి ఇనుప క్యాబిన్ ఉంది, ఇంకొకరికి ఏమీ లేదు.

ప్రమాదం తర్వాత ఏం జరుగుతుందన్నదానికి కూడా ఒక చరిత్ర ఉంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే ఇచ్చే పరిహారం 1982లో మొదలైంది, మరణిస్తే 5,000 రూపాయలు. 1988 చట్టంలో అది 8,500, 1994లో 25,000 అయింది. ఆ పాతిక వేలే 2022 మార్చి దాకా, ఇరవై ఎనిమిదేళ్ళు, కదలకుండా ఉంది. ఇప్పుడు మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. ఈ డబ్బు ఉందని తెలిసినవాళ్ళే తక్కువ. బండి ఆచూకీ నెలలో దొరకకపోతే ఈ పథకం గురించి పోలీసులే బాధితులకి రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎవరికైనా ఇలాంటిది జరిగితే స్టేషన్లో ఈ మాట గట్టిగా అడగండి. గుద్ది పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష అని కొత్త న్యాయ సంహితలో రాశారు. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మె చేయడంతో ఆ ఒక్క నిబంధన అమలు ఆపారు.

ఇదే ఊళ్ళో బీచ్ రోడ్డు ఉంది. తెల్లవారుజామున కాసేపు అక్కడ బండ్లు ఆపేస్తారు. పిల్లలు సైకిలు నేర్చుకుంటారు, హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ళు భీమిలి వైపు బయల్దేరతారు. చూస్తే మనసు నిండుతుంది. నడకకీ సైకిలుకీ ముందు చోటివ్వాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం అన్నది ఇలాంటిదాన్నే. ఆ పిల్లలకి ఆ రెండు గంటలు దక్కాల్సిందే. నేనడిగేది, అదే వేళకి పాతిక కిలోమీటర్ల లోపు ఇంకో చివర సరదాకి కాక కూటికి తొక్కేవాడికి రెండు మీటర్ల బెర్ము.

షీలానగర్ దగ్గర కిందటి నెల మళ్ళీ తారు వేశారు. పక్కన కంకర పోయలేదు. అంచు ఇంకో రెండు వేళ్ళు పెరిగింది. ఆయన ఇప్పుడు లారీ చప్పుడు వినగానే పూర్తిగా సైకిలు దిగి, దాన్ని రెండు చేతులా ఎత్తి కిందకి దించుతున్నాడు.