రాయి రంగు మారితే భూమి పోదు: రహదారి నంబర్లపై అపోహలు - వాస్తవాలు

రోడ్లు భవనాల శాఖ నుంచి రిటైరై ఏళ్లు గడిచినా హన్మకొండలోని మా ఇంటికి ఒకే ప్రశ్నతో జనం వస్తూనే ఉన్నారు. "సార్, మా రోడ్డు నేషనల్ హైవే అయిందట. భూమి పోయినట్టేనా?"

పోలేదు. రైతును నిలువునా ముంచుతున్న అపోహ ఇదే.

కరీంనగర్ నుంచి హుజూరాబాద్ మీదుగా వరంగల్ వచ్చే రాష్ట్ర రహదారికి జాతీయ రహదారి 563 అని నంబరు వచ్చిన రోజుల మాట. ఎల్కతుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పట్టాదారు పాసు పుస్తకం పాలిథిన్ కవరులో రెండు మడతలు చుట్టి ఉంది. వాళ్ల చేను ముందున్న కిలోమీటరు రాయికి ఆకుపచ్చ మీద పసుపు పూశారట. అది చూపించి ఒక దళారి "ఎలాగూ సర్కారు లాక్కుంటుంది, వచ్చినకాడికి అమ్ముకో" అని బయానా చేతిలో పెట్టాడు. రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ, జాతీయ రహదారి రాయికి పసుపు. ఆ రంగుకు అంతకు మించి అర్థం లేదు. బయానా తిరిగి ఇచ్చేయమన్నాను.

భూమి తీసుకోవాలంటే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 3ఎ సెక్షన్ కింద, ఫలానా భూమి తీసుకోవాలనుకుంటున్నామనే ప్రకటన గెజిట్‌లో రావాలి. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో పడాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక కావాలి. అభ్యంతరాలకు 21 రోజులు గడువు ఉంటుంది. అవి విన్నాక, ఏడాదిలోగా 3డి సెక్షన్ కింద తుది ప్రకటన వస్తేనే భూమి కేంద్రానిది అవుతుంది. పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్క ప్రకారం ఇవ్వాలి. అందులో పరిహారానికి సమానంగా సొలేషియం, అంటే భూమిని బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము కూడా ఉంటుంది. ముందే అమ్ముకున్నవాడికి ఇందులో పైసా రాదు.

ఆ దారిలో 68 కిలోమీటర్ల నాలుగు వరుసల పనికి శంకుస్థాపన జరిగింది 2023 జులైలో. పెద్దాయన చేనులో పోయింది ముందువైపు నాలుగు గుంటలే, ఆ డబ్బు ఆయన పేరు మీదే వచ్చింది. భయపడి మొత్తం అమ్మేసిన పక్క చేను రైతు ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

"రోడ్డు మధ్య నుంచి 75 మీటర్లు పోతుంది" అన్నది మరో పుకారు. అది కట్టడాలపై నియంత్రణ గీత, సేకరణ గీత కాదు. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో రాష్ట్ర రహదారికీ అదే కొలత.

జాతీయ రహదారులు 163, 163జి ఒకటే అనుకోవడం ఇంకో అపోహ. హైదరాబాద్, వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వెళ్లే పాత 202 నంబరు దారే 163. 163జి మంచిర్యాల, వరంగల్, ఖమ్మం వైపు పొలాల మధ్య నుంచి వేస్తున్న కొత్త దారి. ఫోనులో వచ్చిన పటం చూసి కంగారుపడకండి, ప్రకటనలో మీ సర్వే నంబరు ఉందేమో చూసుకోండి. ఉంటే మాత్రం ఆ 21 రోజుల్లో మొదటి వారం దాటనివ్వకుండా, అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.