కర్ర చట్రం మీద ఉక్కు పట్టా

బెంగళూరులో మడివాళ, మారతహళ్లి వైపు ఉండే మన తెలుగు పిల్లలు సెలవు దొరికితే మైసూరు రోడ్డు మీదుగా బిడది దగ్గరి వండర్‌లాకు వెళ్తుంటారు. అక్కడ రికాయిల్ ఎక్కి వచ్చినవారికి రోలర్ కోస్టర్ అంటే ఉక్కు పట్టాలే. అందుకే విదేశాల్లో పాతబడిన చెక్క కోస్టర్లను ఉక్కు పట్టాలతో తిరిగి కడుతున్నారని విన్నప్పుడు, అంత ఎత్తున చెక్క మీద బండి ఎలా నడిచింది, నడిచినదాన్ని ఎందుకు మార్చవలసి వచ్చింది అన్న సందేహం వారికి కలుగుతుంది. దారిలోనే ఉన్న న్యూ టింబర్ యార్డ్ లేఅవుట్‌లో ఆగి, కొత్తగా కోసిన పలకను, ఒక వానాకాలమంతా బయట పడి ఉన్న పలకను పక్కపక్కన పెట్టి చూస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. మొదటిది తిన్నగా ఉంటుంది. రెండోది అంచులు పైకి లేచి, మేకు రంధ్రాల చుట్టూ చీలి ఉంటుంది.

1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ నడిపిన సవారీ వేగం గంటకు ఆరు మైళ్లే. 1919లో జాన్ మిల్లర్ పట్టాను కిందినుంచి కూడా పట్టుకునే చక్రాలకు పేటెంటు పొందాక, బండి పైకి లేచిపోతుందన్న భయం తగ్గి వాలులు నిటారయ్యాయి. 1959లో డిస్నీలాండ్‌లోని మాటర్‌హార్న్ కోస్టర్ ఉక్కు గొట్టాల పట్టాకు దారి వేసింది.

చెక్క కోస్టర్‌లో పట్టా అంటే ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన పలకల దొంతర. చక్రం తాకేచోట మాత్రం పలుచని ఉక్కు పట్టీ ఉంటుంది. ఎడ్లబండి చక్రానికి తొడిగిన ఇనుప కమ్మీలాగా ఒరిపిడిని లోహం భరిస్తుంది, బరువును కర్ర మోస్తుంది. బండి వాలు దిగిన ప్రతిసారీ ఈ దొంతరను కిందికి అదుముతుంది, మలుపులో పక్కకు తోస్తుంది. ఎక్కడో ఒక బోల్టు వదులై పలక అణగితే చిన్న గుంట పడుతుంది. అందులో దిగిన చక్రం ఎదుటి అంచును గుద్దుతుంది, గుద్దినకొద్దీ గుంట పెరుగుతుంది. ఎక్కినవారి మెడను, నడుమును కుదిపేసే స్థితికి కోస్టర్ అలా చేరుతుంది. దానికి మందు అరిగిన పలకలు మార్చడమే, అదీ ఏటేటా.

నా ఉద్దేశంలో చిక్కంతా 1990ల ఎత్తుల పోటీతో ముదిరింది. 1990లో టెక్సాస్ జెయింట్ అనే చెక్క కోస్టర్ 143 అడుగులు, 1991లో ఒహాయోలోని సీడార్ పాయింట్ పార్కులో మీన్ స్ట్రీక్ 161 అడుగులు, 1992లో శాన్ ఆంటోనియోలో రాట్లర్ 179 అడుగుల ఎత్తున లేచాయి. ఎత్తు పెరిగినకొద్దీ తాకిడీ పెరిగింది, కర్ర మాత్రం పాత కర్రే. తెరిచిన రెండేళ్లకే రాట్లర్ మొదటి వాలును 166 అడుగుల నుంచి 124 అడుగులకు తగ్గించవలసి వచ్చింది.

ఐడహో రాష్ట్రంలో ఫ్రెడ్ గ్రబ్ స్థాపించిన రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ సంస్థ దీనికి వేరే దారి చూపింది. 2009 చివర మూసివేసిన టెక్సాస్ జెయింట్‌లో కర్ర చట్రాన్ని చాలావరకు ఉంచి, పలకల దొంతరను తీసేసి, దాని చోట ఐ-బాక్స్ అనే ఉక్కు పట్టా వేసి, 2011 ఏప్రిల్‌లో తిరిగి తెరిచారు. ఈ పట్టాను గొట్టం వంచి చేయరు; ఉక్కు రేకులను యంత్రంతో కావలసిన వంపులో కోసి వెల్డింగ్ చేస్తారు. అందువల్ల చెక్కకు సాధ్యంకాని మెలికలు కూడా పాత చట్రం మీదే కుదిరాయి: రాట్లర్ 2013లో తలకిందుల మలుపుతో తిరిగి వచ్చింది, మీన్ స్ట్రీక్ 2018లో 205 అడుగుల ఎత్తుతో, 90 డిగ్రీల వాలుతో స్టీల్ వెంజన్స్‌గా మారింది. జపాన్ నగాషిమాలోని వైట్ సైక్లోన్ కూడా 2019లో హకుగేయిగా మారింది.

వాలు నిటారయినప్పుడు మనిషిని సీటులో పట్టి ఉంచే బాధ్యత కూడా పెరుగుతుంది. 2013 జులైలో కొత్త టెక్సాస్ జెయింట్ నుంచి ఒక మహిళ పడి మరణించారు; సీటు బెల్టులు అదనంగా చేర్చిన తరువాతే సెప్టెంబరులో దాన్ని మళ్లీ నడిపారు. పట్టా గురించి మాట్లాడేవారు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు.

మోయలేని ఎత్తుకు కట్టినవాటిని ఇలా మార్చడం సరైనదే. కానీ 1927 నాటి కోనీ ఐలాండ్ సైక్లోన్ వంటి చెక్క కోస్టర్లకు ఇదే వైద్యం చేయాలనడం నాకు సమ్మతం కాదు. అది 1988 నుంచి న్యూయార్క్ నగర రక్షిత కట్టడం, ఆ కర్ర కదలికే దాని స్వభావం. అంతగా మార్చనక్కరలేని కోస్టర్ల కోసం అదే ఐడహో సంస్థ 208 రీట్రాక్ అనే పట్టాను తయారుచేసింది. దానితో పాత దారి పాతగానే ఉంటుంది, బాగా దెబ్బతినే మలుపుల్లో మాత్రం పలకల స్థానంలో ఉక్కు చేరుతుంది.