ఇంగ్లండ్ స్టేడియాల్లో మళ్లీ నిలబడే చోటు: ఈ కుర్చీల వెనక ఉన్న కథ

2022-23 సీజన్ నుంచి ఇంగ్లండ్ పెద్ద ఫుట్‌బాల్ క్లబ్‌ల స్టేడియాల్లో కొన్ని స్టాండ్లలో నిలబడి మ్యాచ్ చూడొచ్చు. దాదాపు ముప్పై ఏళ్లు అది నిషిద్ధం. ఆ నిషేధం ఎందుకొచ్చిందో తెలిస్తేనే ఈ మార్పు ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఒకప్పుడు అక్కడ ఎక్కువమంది టెర్రస్‌ల మీద, అంటే కుర్చీల్లేని కాంక్రీటు మెట్ల మీద, ఒకరినొకరు ఆనుకుని నిలబడే మ్యాచ్ చూసేవాళ్లు. టికెట్ చవక. గోల్ పడితే జనం మొత్తం అలలా ముందుకు ఊగేది. దాని అందం దానిదే, ప్రమాదం కూడా దానిదే.

1971 జనవరి 2న స్కాట్లండ్‌లోని ఐబ్రాక్స్ స్టేడియంలో మ్యాచ్ అయ్యాక దిగుతున్న జనం మెట్లమీద ఒకరిపై ఒకరు పడి 66 మంది చనిపోయారు. దాని ఫలితంగా 1975లో క్రీడా మైదానాల భద్రతా చట్టం వచ్చింది. కానీ అది ముందుగా పెద్ద క్లబ్‌లకే వర్తించింది. మూడో డివిజన్‌లో, అంటే లీగ్ మూడో మెట్టులో, ఉన్న బ్రాడ్‌ఫర్డ్ సిటీ క్లబ్ మైదానం దాని పరిధిలోకి రాలేదు.

1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్ డివిజన్ ట్రోఫీ అందుకుని పండగ చేసుకుంటోంది. అక్కడి పాత చెక్క స్టాండ్ కింద, పలకల సందుల్లోంచి ఏళ్లతరబడి పడ్డ చెత్త పేరుకుపోయింది. తర్వాత అక్కడ 1968 నాటి న్యూస్‌పేపర్ కూడా దొరికింది. ఆరని అగ్గిపుల్లో సిగరెట్టో పడి ఆ చెత్త అంటుకుంది. నాలుగైదు నిమిషాల్లో స్టాండ్ మొత్తం మంటలు. 56 మంది చనిపోయారు. వెనక గేట్ల వైపు పరిగెత్తిన చాలామందికి అవి మూసి కనిపించాయి. ముందుకు, మైదానంలోకి దూకినవాళ్లు బతికారు, ఎందుకంటే అక్కడ కంచె లేదు. పై డివిజన్‌కి వెళ్తే చట్టం వర్తిస్తుంది కాబట్టి కొత్త పైకప్పుకి ఉక్కు అప్పటికే తెచ్చిపెట్టారు. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

కంచె ఏం చేయగలదో నాలుగేళ్లకి షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తేలింది. అల్లరి మూకలు మైదానంలోకి రాకుండా చాలా చోట్ల ముందు వైపు ఎత్తైన ఇనప కంచెలు కట్టారు. 1989 ఏప్రిల్ 15న లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సెమీఫైనల్. బయట రద్దీ తగ్గించడానికి పోలీసులు ఒక గేటు తెరిపించారు. జనం నేరుగా అప్పటికే నిండిన మధ్య ‘పెన్’లలోకి, అంటే టెర్రస్‌ని కంచెలతో విడదీసిన భాగాల్లోకి, వెళ్లిపోయారు. ముందున్నవాళ్లు కంచెకి నొక్కుకుపోయారు. 3.06కి మ్యాచ్ ఆపారు, అప్పటికే ఆలస్యమైపోయింది. 97 మంది ప్రాణాలు పోయాయి. తప్పు అభిమానులదే అన్న నింద ఆ కుటుంబాలు ఏళ్లతరబడి మోశాయి. 2016లో విచారణ జ్యూరీ ఇది చట్టవిరుద్ధంగా జరిగిన మరణమేననీ, అభిమానుల తప్పేమీ లేదనీ తేల్చింది.

హిల్స్‌బరోపై విచారణ జరిపిన జడ్జి టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన నివేదిక పెద్ద స్టేడియాల్లో అందరికీ కుర్చీలు ఉండాలంది. పై రెండు డివిజన్లకి 1994 ఆగస్టు గడువు. టికెట్ ధర పేదవాడి చేతికి అందాలని కూడా టేలర్ చెప్పారు, ఐబ్రాక్స్‌లో సీటు 6 పౌండ్లే అని ఉదాహరణ చూపించారు. కుర్చీల మాట విన్నారు, ధరల మాట ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

స్టేడియాలు మాత్రం నిజంగా మారాయి. 2007లో తెరిచిన కొత్త వెంబ్లీలో 90,000 సీట్లు, 2,618 టాయిలెట్లు. 2019లో వచ్చిన టోటెన్‌హామ్ స్టేడియంలో మైదానమే మూడు ముక్కలుగా విడిపోయి స్టాండ్ కిందికి జరుగుతుంది.

ఇంత చేసినా జనం కూర్చోలేదు. కుర్చీల ముందే లేచి నిలబడ్డారు. కాస్త తోపులాట జరిగితే ముందు వరుస మీద పడే ప్రమాదం. జర్మనీలో దీనికి దారి ముందే ఉంది. ప్రతి వరుసకీ నడుమెత్తున ఇనప కడ్డీ, దానికి తాళం పడే మడత సీటు. ఇంగ్లండ్‌లో అయితే నిలబడినా సరే, టికెట్ మీద సీటు నంబరు ఉంటుంది, మనిషికి ఒకటే చోటు. కాబట్టి పాత టెర్రస్ లాగా జనం కిక్కిరిసిపోరు.

ముందు కొన్ని క్లబ్‌లలో దీన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు. అలా అనుమతితో నిలబడి చూసిన మొదటి మ్యాచ్ చెల్సీ, లివర్‌పూల్ మధ్య 2022 జనవరి 2న జరిగింది. ఐబ్రాక్స్ మెట్ల ప్రమాదానికి సరిగ్గా 51 ఏళ్లు నిండిన రోజది.