గ్రహాల గేమ్‌లతో పాఠం: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండకు దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఎనిమిదో తరగతి సౌరకుటుంబం పాఠానికి కొన్నేళ్లుగా గేమ్ యాప్‌లు వాడుతున్నాను. తోటి టీచర్లు, తల్లిదండ్రులు వీటి గురించి అడిగినప్పుడల్లా అవే అపోహలు ఎదురవుతున్నాయి.

అపోహ: యాప్‌లో గ్రహాలను కళ్లారా చూస్తే సౌరకుటుంబం అర్థమైపోతుంది.

పిల్లలు కళ్లారా చూసేది కొలతలు మార్చిన బొమ్మను. యాప్ చేసినవాళ్లను తప్పుపట్టలేం. గ్రహాల సైజును, వాటి మధ్య దూరాన్ని ఒకే కొలతలో చూపిస్తే ఫోన్ స్క్రీన్ మీద గ్రహాలే కనబడవు. అందుకని గ్రహాలను పెంచి, దూరాలను కుదిస్తారు. ఆ సంగతి పిల్లలకు మనమే చెప్పాలి.

చెప్పడం కన్నా నడిపించడం మంచిది. 14 సెంటీమీటర్ల ప్లాస్టిక్ బంతిని సూర్యుడనుకుని గ్రౌండ్‌లో ఒక మూల పెడతాం. ఈ లెక్కన భూమి ఒక ఆవగింజ. అది ఎక్కడుండాలో ముందు పిల్లలే యాప్ చూసి పెట్టాలి. చాలామంది బంతికి జానెడు దూరంలో పెడతారు. ఉండాల్సింది 15 మీటర్ల అవతల. గోలీ అంత గురుడు 78 మీటర్ల దగ్గర. మిరియపు గింజంత నెప్ట్యూన్‌ను పట్టుకుని గేటు దాటి 450 మీటర్లు, మా ఊరి బొడ్రాయి దాకా నడవాలి. చంద్రుడు మాత్రం ఆవగింజ పక్కనే, నాలుగు సెంటీమీటర్ల లోపు. పోయినేడు ఒక పాప బొడ్రాయి దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూసి, "సార్, ఇక్కడికెళ్లి బంతే కనబడ్తలేదు. మరి నెప్ట్యూన్ దాని సుట్టూ ఎట్ల తిరుగుతది?" అని అడిగింది. గురుత్వాకర్షణ పాఠం ఆ రోజు అక్కడే, చెట్టు కింద మొదలైంది. ఇదే కొలతలో సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

అపోహ: లెవెల్స్ అన్నీ దాటితే పాఠం వచ్చినట్టే.

నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఒక క్విజ్ గేమ్‌లో ఫుల్ స్కోర్ తెచ్చుకున్న అబ్బాయిని ఎండాకాలం ఎందుకొస్తుందని అడిగాను. "భూమి సూర్యునికి దగ్గరికి పోతది సార్" అన్నాడు. ఆ మాట అతనికి గేమ్‌లోని బొమ్మే నేర్పింది. కక్ష్యను పక్క నుంచి వాలుగా చూపించడంతో గుండ్రటి దారి కాస్తా సాగదీసిన కోడిగుడ్డులా కనబడుతుంది. నిజానికి భూమి కక్ష్య దాదాపు వృత్తమే. సూర్యుడికి మనం అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అంటే ఇక్కడ పొద్దున్నే చలిమంటలు వేసుకునే రోజుల్లో. జూలై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు.

కాలాలు మారడానికి కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం. ఇది చెప్పేటప్పుడు ఫోన్లు పక్కన పెట్టించి గ్రౌండ్‌లో కర్ర పాతిస్తాను. నెలకోసారి మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలుస్తారు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిటారు కర్రకు నీడ ఉండదు. మొదటిది మే రెండో వారంలో, రెండోది ఆగస్టు 1 ప్రాంతంలో. మేలో బడికి సెలవులు, ఆగస్టులో ముసురు. అందుకే ఆ రెండింటినీ, ఏ రోజు ఆకాశాన్నైనా చూపించే స్టెల్లేరియం యాప్‌లో తేదీ మార్చి ముందే చూపిస్తాను. మేలో ఎవరింటి దగ్గర వాళ్లు 12 దాటిన పది నిమిషాల్లో నీడ చూసి నోట్‌బుక్‌లో రాసుకురావాలి. జూన్‌లో బడి తెరిచాక నేను మొదట చూసేవి ఆ నోట్‌బుక్కులే.

అపోహ: ఒక్కొక్కరికి ఒక్కో ఫోన్ కావాలి.

అక్కర్లేదు. నలుగురికి ఒకటి చాలు. ఒకరు ఆడుతుంటే ముగ్గురు వాదించుకుంటారు. నేర్చుకునేది ఆ వాదనలోనే.

అపోహ: యాప్‌లో ఉందంటే అది సరైనదే, కొత్తదే.

ఎక్కువ చందమామలు ఏ గ్రహానికని అడిగి గురుడు అంటే మార్కులిచ్చే గేములు ఉన్నాయి. 2025 మార్చిలో 128 కొత్తవి చేరడంతో శని ఉపగ్రహాల లెక్క 274 అయింది. నెప్ట్యూన్‌ను ముదురు నీలంలో చూపించడం కూడా అంతే. వాయేజర్ 2 నౌక 1989లో తీసిన ఫొటోల్లో రంగును పెంచి చూపించారు. అసలు రంగు యురేనస్‌కు దగ్గరగా, లేత నీలిపచ్చగా ఉంటుంది. ఇక గ్రహశకలాల మధ్య నుంచి నౌకను తప్పించుకుంటూ నడిపే ఆట ఆడితే, అక్కడ రాళ్లు కిక్కిరిసి ఉంటాయనిపిస్తుంది. ఆ రాళ్లన్నీ కలిపినా మన చంద్రుడి ద్రవ్యరాశిలో మూడు, నాలుగు శాతమే. 1970లలో పయొనీర్ 10 మొదలు ఎన్నో నౌకలు ఆ దారిన ఇబ్బంది లేకుండా దాటిపోయాయి.

అపోహ: ఎంతైనా ఆట ఆటే, అందులో అసలు సైన్స్ ఉండదు.

రాకెట్ ఆటలు ఆడించి చూడండి. ఫోన్‌లో నడిచే స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పిల్లలందరూ మొదట రాకెట్‌ను నిటారుగా పైకే పంపుతారు. అది తిరిగి కింద పడుతుంది. పడీ పడీ, చివరికి పక్కకు వంచి వేగం పెంచాలని వాళ్లే కనిపెడతారు. గ్రహాలను ఆ ఆట కోసం చిన్నవి చేశారు కాబట్టి అసలు లెక్కను నేను బోర్డు మీద వేస్తాను: భూమికి దగ్గరి కక్ష్యలో సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతే వరంగల్ నుంచి హైదరాబాద్‌కు 20 సెకన్లు.

తర్వాత చంద్రయాన్-3 దారి గీస్తాను. 2023 జూలై 14న బయల్దేరి, భూమి చుట్టూ తిరుగుతూ ఐదుసార్లు కక్ష్యను పెంచుకుని, ఆగస్టు 1న చంద్రుడి వైపు మళ్లి, 23న దిగింది. 1969లో అపోలో 11 మూడు రోజుల్లోనే చంద్రుడి కక్ష్యకు చేరింది, దాన్ని మోసిన సాటర్న్ 5 చాలా పెద్ద రాకెట్ మరి. ఈ ఏడాది ఆ బొమ్మ గీస్తుండగానే, మూడు రోజులుగా గేమ్‌లో ఇంధనం అయిపోయి తంటాలు పడుతున్న ఒక అబ్బాయి లేచి, "సార్, ఒక్కసారే దుంకకుండ తిరుక్కుంట తిరుక్కుంట ఎక్కింది కదా! నేను గూడ గట్లనే జేస్త" అన్నాడు. మర్నాడు ప్రేయర్ కన్నా ముందే ఫోన్ అడగడానికి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు.